ఇది ఎచ్చటిది?
(ప్రసంగ పాఠము)

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక సాహిత్య ప్రసంగము చేయుచు, సందర్భమునకు తగియున్నదని ఒక చాటుపద్యమును చదివి, అది శ్రీనాథునిదని చెప్పితిమి. ప్రసంగము ముగిసినది, ఆ సంగతియు మరచితిమి. పది దినముల తరువాత ఒక పోస్టుకార్డు వచ్చెను. వ్రాసినవారు ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితులు. “అయ్యా, మీ ప్రసంగమును ఆసాంతము వింటిని, సంతోషించితిని. మీరు చదివిన పద్యము శ్రీనాథునిదని సెలవిచ్చితిరి. అది ఏ గ్రంథమందున్నదో, ఏ ప్రతిలో చూచితిరో దయతో తెలుపగలరు. దీనికొరకు నేను నలువది యేండ్లుగా వెదకుచున్నాను” అని మాత్రమే అందులో ఉన్నది.

ఆ కార్డును చేత పట్టుకొని మేము గ్రంథాలయమునకు పోయితిమి. ఆ పద్యమును మేము చదువుకొనుచున్న దినములలో ఒక వ్యాససంపుటిలో చూచితిమి. ఆ సంపుటిని వెదకి తీసితిమి. పద్యమున్నది, శ్రీనాథుని పేరున్నది. ఎచ్చటనుండి గ్రహించినదియు లేదు. దానికి ముందు వెలువడిన మరియొక గ్రంథమును చూచితిమి. అందును అంతే. అంతకు ముందటి మూడవ గ్రంథమును చూడగా, “ఇది శ్రీనాథునిదని పెద్దలు చెప్పుదురు” అని కనబడెను. మూడవ గ్రంథకర్త తనకు తెలిసినంత వరకే చెప్పెను. ఆయన తరువాతివారు “పెద్దలు చెప్పుదురు” అను రెండు మాటలను విడిచివేసిరి. మేము వారిని నమ్మి, ఆ పద్యమును శ్రీనాథుని పేర ఊరూరను వినబడునట్లు చదివితిమి. మూడు చేతులు మారునప్పటికి వినికిడి నిశ్చయమైనది!

పండితులవారికి క్షమాపణ చెప్పుకొనుచు, మూలము మాకు దొరకలేదని, చెప్పరానంత నిశ్చయముగా చెప్పితిమని జాబు వ్రాసితిమి. దానికి వారిచ్చిన సమాధానమును ప్రసంగాంతమున మనవి చేయుదుము.

మా తప్పుతో ఈ ప్రసంగమును ప్రారంభించుటకు కారణమున్నది. కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను చదువుచున్న యువతీయువకులు వ్యాసములు, సిద్ధాంతగ్రంథములు వ్రాయునప్పుడు తాము గ్రహించిన విషయములకు ఆకరములను ఎట్లు పేర్కొనవలెనో నేడు ముచ్చటింపదలచితిమి. ఆకరమనగా గని, మాట ఏ గనినుండి త్రవ్వితీసినదో ఆ చోటు. విద్యార్థులలో చాలమంది దీనిని చివర అతికించు ఒక పట్టికగా, పరీక్షకులకొరకు పెట్టు ఒక అలంకారముగా తలచుచున్నారు. ఇది అలంకారము కాదు. ఇతరుల మాట ఇతరులదని చెప్పినగాని, మన మాట మనదని నిలువదు. మేము చెప్పదలచినది ఇంతే.

ఈ సంగతి మా ఇంటిలోనే మాకు బాగుగా తెలిసివచ్చినది. మా అన్నగారి కుమార్తె ఒక విశ్వవిద్యాలయమున తెలుగు సాహిత్యములో పరిశోధన చేయుచుండెను. ఒకనాటి సాయంకాలము, వ్రాతప్రతి సంచిలో పెట్టుకొని, ముఖము వాడి, మా ఇంటికి వచ్చెను. ఆమె రెండవ ప్రకరణములో ఒకటిన్నర పుట వేరొకరి గ్రంథములోని వాక్యములతో మాట మాటకు సరిపోయినదట. పర్యవేక్షకులు ప్రతిని వెనుకకిచ్చి, దీనికి సమాధానము చెప్పుమనిరట. “బాబాయీ, నేను దొంగతనం చేయలేదు. కాని చేయలేదని చూపించడం ఎలాగో నాకు తెలియడం లేదు” అని ఆమె కంట తడి పెట్టెను.

నోటుపుస్తకములు తెమ్మంటిమి. మూడేండ్ల క్రిందటి పుస్తకములు నాలుగు తెచ్చెను. పుటలనిండ చక్కని దస్తూరి. చదివిన గ్రంథములోని వాక్యములున్నవి, వాని ప్రక్కనే ఆమె సొంత ఆలోచనలున్నవి. ఉద్ధరణ చిహ్నములు లేవు, పుటసంఖ్యలు లేవు. “ఇందులో నీదేది, పుస్తకములోనిదేది?” అని అడిగితిమి. చాలసేపు చూచి, “నాకే తెలియడం లేదు” అనెను. వ్రాసుకొన్ననాడు తెలియును, మూడేండ్లకు ఆ తెలివి చెరగిపోయెను. అచ్చు పుస్తకమందలి వాక్యము తన దస్తూరిలో చూచుకొన్న కొలది తనదేయని తోచెను.

ఆరువారములు ఆదివారమాదివారము ఆమెతో కూర్చుంటిమి. గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి, వాక్యము వాక్యమును సరిపోల్చి, చిహ్నములు పెట్టి, పుటసంఖ్యలు వేసితిమి. పదకొండు చోట్ల ఇతరుల మాటలు బయటపడెను. అయితే ఒక విశేషము జరిగినది. ఒక కావ్యములోని ఋతువర్ణనను గూర్చిన ఒక చక్కని ఊహ ఎవరిదోయని ఆమె భయపడి కొట్టివేయబోయెను. ఎన్ని గ్రంథములు వెదకినను అది కనబడలేదు. కట్టకడపట ఒక పాత నోటుపుస్తకపు మూలన, బస్సు టిక్కెట్టు వెనుక, తేదీతో సహా ఆమెయే వ్రాసుకొన్న ముక్క దొరికెను. అది ఆమె సొంత ఊహయే! ఆకరములు గుర్తించుకొననందున ఇతరుల సొత్తు తన దగ్గర చేరుటయే గాక, తన సొత్తును కూడ తాను పోగొట్టుకొనబోయినది. ప్రతి మరల సమర్పించినది, అంగీకరింపబడినది. ఆ ఊహయే నేడు ఆ ప్రకరణమునకు ప్రాణముగా ఉన్నది.

ఇది మనకు పాశ్చాత్యులు నేర్పిన క్రొత్త మర్యాద అని కొందరు తలచుచున్నారు. కాదు. తెలుగు కావ్యములకు ఆద్యుడైన నన్నయ తన భారతావతారికలో సహాధ్యాయుడైన నారాయణభట్టు చేసిన సాయమును స్మరించి, అది అర్జునునకు శ్రీకృష్ణుడు చేసిన సాయము వంటిదని చెప్పుకొనెను. నన్నయ విడిచిపోయిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన, అంతటి మహాకవియై యుండియు, ఆ భాగమును రాజరాజనరేంద్రునికే అంకితము చేసి నన్నయ రచనలోనే కలిపెను. ఇతరుల రచనను తనదనుటకు ఇది పూర్తిగా ఎదురు త్రోవ. మెదకు సీమలోని కొల్చారము పేరు ఇంటిపేరుగా గల కోలాచల మల్లినాథసూరి, రఘువంశవ్యాఖ్య ప్రారంభముననే, మూలము లేనిదానిని తాను వ్రాయనని ప్రతిజ్ఞ చేసెను. పరులవి గ్రహించుటలోని భేదములను రాజశేఖరుడు కావ్యమీమాంసలో శబ్దహరణమనియు అర్థహరణమనియు ప్రకరణములుగా విభజించి చర్చించెను. మాటను తీసికొనుట వేరు, భావమును తీసికొనుట వేరు అను వివేకము మనవారికి వేయి యేండ్ల క్రిందటనే కలదు.

ఆ వివేకమే నేటి విద్యార్థికిని మొదటి పాఠము. ఇతరుల మాటలను ఉన్నవున్నట్లు గ్రహించినప్పుడు ఉద్ధరణ చిహ్నముల నడుమ పెట్టి, గ్రంథమును పుటతో సహా చెప్పవలెను. భావమును మాత్రము గ్రహించి సొంత మాటలలో చెప్పినప్పుడు చిహ్నములు అక్కరలేదు గాని, గ్రంథమును చెప్పుట అప్పుడును తప్పదు. ఇక్కడనే చాలమంది పొరబడుచున్నారు. “చాల” అను చోట “మిక్కిలి” అని, “రాజు” అను చోట “ప్రభువు” అని మార్చి, వాక్యమును అటునిటు త్రిప్పినచో అది తమదైపోయినదని అనుకొనుచున్నారు. చొక్కాకు గుండీలు మార్చినంత మాత్రమున చొక్కా మనదగునా? సొంత మాటలలో చెప్పుటయనగా, పుస్తకమును మూసి, అర్థమైనదానిని ఎదుటివారికి వివరించినట్లు వ్రాయుట. మూసి వ్రాయలేనిచో ఇంకను అర్థము కాలేదన్నమాట.

మరి ప్రతి వాక్యమునకును ఆకరము చెప్పవలెనా? అక్కరలేదు. ధవళేశ్వరమువద్ద గోదావరిపై సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తియైనదని వ్రాయుటకు ఎవరిని పేర్కొననక్కరలేదు. అది అందరు ఎరిగినది, ఏ చరిత్ర పుస్తకములోనైన కనబడునది. కాని ఆనకట్టకు పూర్వము ఫలాని తాలూకాలో ఇన్ని ఎకరములు సాగైనవని లెక్క చెప్పినచో, ఆ లెక్క ఏ నివేదికలోనిదో చెప్పవలెను. ఆనకట్ట వలన లాభము పెద్ద రైతులకే ఎక్కువ కలిగినదని ఒక చరిత్రకారుడు వాదించి యుండగా మనము దానిని గ్రహించినచో, ఆ చరిత్రకారుని పేరు చెప్పవలెను. అందరికి తెలిసిన విషయమునకు అక్కరలేదు. అంకెకు, అభిప్రాయమునకు, వాదమునకు, ఒకరు శ్రమపడి కనుగొన్న సత్యమునకు తప్పదు. సందేహము కలిగినచో చెప్పుటయే మేలు. చెప్పినందున ఎవరికిని నష్టము కలుగలేదు.

తెలుగున వ్రాయు విద్యార్థులకు ప్రత్యేకముగా ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. ఇంగ్లీషు గ్రంథములోని పేరాను తెలుగుచేసి, “మాటలు మావే గదా” అనుకొనువారు మనలో ఉన్నారు. భాష మారినంత మాత్రమున భావమునకు యజమాని మారడు. కంప్యూటరు ఒక భాషనుండి మరియొక భాషకు దాటిన భావమును పట్టుకొనలేకపోవచ్చును. దానికి దొరకకుండుట నిజాయితీ కాదు. అనువదించిన భాగము క్రింద “ఫలాని గ్రంథము, ఫలాని పుట, అనువాదము నాది” అని వ్రాసినచో చాలును. అట్లు వ్రాసినప్పుడు అనువాదపు శ్రమకు గౌరవము మీకే దక్కును.

ఇక రెండవ చేతి ఆకరములను గూర్చి. మా చాటుపద్యము కథ వంటిదే పాలకూరను గూర్చి లోకమున ఒక కథ కలదు. పాలకూరలో ఇనుము చాల ఎక్కువయను ప్రతీతి ఎట్లు కలిగినదో మీరును వినియుందురు: తొలుత పరీక్షించిన శాస్త్రజ్ఞులు దశాంశ బిందువును తప్పు చోట పెట్టిరనియు, అందువలన ఇనుము పదిరెట్లుగా లెక్కకు వచ్చినదనియు, 1930 ప్రాంతముల జర్మను రసాయనశాస్త్రజ్ఞులు దానిని సవరించిరనియు ఆ కథ. దీనికి గొప్ప ప్రచారము కలిగించినది 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు టెరెన్స్ హాంబ్లిన్ అను వైద్యాచార్యులు వ్రాసిన వ్యాసము. శాస్త్రములో దొర్లు మోసములను, పొరపాట్లను గూర్చి హెచ్చరించు వ్యాసమది. అందులో ఈ కథకు ఆకరము మాత్రము పేర్కొనలేదు. అయినను ఆ పిమ్మట ఎందరో, “చూడుడు, ఒక చుక్క ఎంత పని చేసినదో! ఆకరములను సరిచూచుకొనుడు” అని హితవు చెప్పుచు ఈ కథనే ఉదాహరించిరి. 2010లో మైక్ సటన్ అను బ్రిటిష్ ఆచార్యుడు ఆ దశాంశ బిందువు కొరకు పాత శాస్త్రపత్రికలన్నియు గాలించెను. ఎచ్చటను కనబడలేదు. ఆధారములు సరిచూచుకొనుమని బోధించు కథకే ఆధారము లేకపోయినది! కథ ఎట్లు ఒకరినుండి ఒకరికి ప్రాకినదో నార్వే దేశపు పండితుడు ఓలె బ్యోర్న్ రెక్దాల్ 2014లో సోషల్ స్టడీస్ ఆఫ్ సైన్స్ అను పత్రికలో విపులముగా వ్రాసెను. పాలకూరలో ఇనుము లేకపోలేదు. అందులోనిది మన శరీరమునకు ఇంకుట తక్కువ. చిన్న నిజము, పెద్ద కథ క్రింద నలిగిపోయినది.

ఇట్టి ప్రమాదము తప్పించుకొనుటకు మార్గము సులభమైనది. చూడని గ్రంథమును చూచినట్లు వ్రాయరాదు. ఒక శాసనపాఠమును మీరొక చరిత్ర గ్రంథములో చదివితిరి. ఆ గ్రంథకర్త దానిని దక్షిణ భారత శాసనముల సంపుటమునుండి గ్రహించెను. సంపుటమును మీరు తెరువలేదు. అప్పుడు సంపుటము పేరు మాత్రము వ్రాసినచో అది అసత్యము. “ఫలాని సంపుటమునుండి ఫలానివారి గ్రంథమందు ఉదాహృతము” అని వ్రాసినచో సత్యము. గ్రంథాలయమునకు పోయి సంపుటమునే తెరచి చూచుట ఉత్తమము. 1948లో వెలువడిన పదవ సంపుటము కేవలము తెలుగు శాసనములదే. తెరచినవారికి చరిత్ర గ్రంథకర్త విడిచిన పంక్తి ఒకటి కనబడవచ్చును. పరిశోధన అచ్చటనే ప్రారంభమగును.

ఇప్పుడు వ్రాయు పద్ధతిని గూర్చి కొన్ని మాటలు. లోకమున ఎం.ఎల్.ఏ., ఏ.పీ.ఏ., షికాగో మొదలగు పద్ధతులు ప్రచారములో ఉన్నవి. ఒకదానిలో వాక్యము ప్రక్కన పేరును పుటయు, ఒకదానిలో పేరును సంవత్సరమును ఉండును. ఒకదానిలో పుట అడుగున అధోజ్ఞాపిక పెట్టుట కలదు. మీ శాఖవారు దేనిని కోరుదురో దానిని గైకొని, మొదటినుండి తుదివరకు దానినే పాటింపుడు. పద్ధతి ఏదైనను గ్రంథకర్త, గ్రంథము, ప్రచురించినవారు, ఊరు, సంవత్సరము, పుట అను వివరములను చదివినది వేరొకరు తేలికగా కనుగొనవలెనన్నదే తాత్పర్యము.

అయితే ఈ పద్ధతులు మనకొరకు పుట్టినవి కావు. కాబట్టి కొన్ని చోట్ల మన బుద్ధిని ఉపయోగింపవలెను. పాశ్చాత్యులకు వంశనామము చివర ఉండును గనుక వారు దానిని ముందునకు తెచ్చి, కామా పెట్టి, తక్కినది వ్రాయుదురు. మనకు ఇంటిపేరు ముందే ఉన్నది. విశ్వనాథ సత్యనారాయణగారిని “సత్యనారాయణ, విశ్వనాథ” అని తలక్రిందులు చేసినచో, విశ్వనాథవారికొరకు వెదకు పాఠకునికి వారు కనబడరు. చివరి మాటనే ప్రమాణము చేసికొన్నచో మన గ్రంథసూచిలో “రావు”ల క్రింద సగము దేశము చేరిపోవును! ఇంటిపేరుతో ఉన్న పేరును ఉన్నట్లే ఉంచుడు. కలముపేరుతో వెలువడిన గ్రంథమును ఆ పేరుతోనే చెప్పుడు. శ్రీశ్రీ గ్రంథమును శ్రీరంగం శ్రీనివాసరావు అను పేరు క్రింద దాచనక్కరలేదు.

ప్రాచీన కావ్యముల విషయమున పుటసంఖ్య మాత్రము చాలదు. ఆంధ్రమహాభారతమును ఎన్ని సంస్థలు ఎన్ని మారులు అచ్చువేసినవి! మీ ప్రతిలోని పుట నా ప్రతిలో వేరుగా ఉండును. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య చెప్పినచో ఏ ప్రతి యున్నవారైనను కొద్ది వెదకులాటతో పద్యమును చేరుదురు. పద్యసంఖ్యలును ప్రతులలో ఒకటి రెండు తేడా పడుచుండును గనుక, మీరు చూచిన ముద్రణ ఏదో గ్రంథసూచిలో చెప్పుట తప్పదు. శాసనమునకైనచో సంపుటముతోపాటు శాసనసంఖ్య చెప్పవలెను.

పాత తెలుగు గ్రంథముల ముఖపత్రములపై ఒక్కొక్కప్పుడు సంవత్సరము పేరు మాత్రమే ఉండును. “ప్రభవ” అని ఉన్నదనుకొందము. 1867లో ప్రభవ వచ్చినది, 1927లో వచ్చినది, 1987లోను వచ్చినది. అరువదియేండ్లకొకమారు తిరిగివచ్చు పేరు అది. కాగితము, అచ్చు, పీఠిక, ముద్రాపకుని పేరు చూచి ఏ ప్రభవయో నిర్ణయించి, “ప్రభవ, బహుశః 1927” అని వ్రాయవలెను. ఆ “బహుశః” అను మాటను విడువరాదు. మా చాటుపద్యము విషయమున విడిచినవారి పాటు మీరు వింటిరి గదా! శాలివాహన శకవర్షము ఇచ్చియున్నచో దానికి 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును; జనవరి మొదటి తేదీ మొదలు ఉగాది వరకు గల దినములకు మాత్రము 79 కలుపవలెను.

నేడు పాత గ్రంథములు అనేకము స్కానుచేయబడి ఇంటర్నెట్టున దొరకుచున్నవి. ఇది విద్యార్థులకు గొప్ప ఉపకారము. అయితే తెరమీద కనబడు పుటసంఖ్య వేరు, పుస్తకముపై అచ్చైన పుటసంఖ్య వేరు, అచ్చైనదానినే పేర్కొనుడు. ఇంటర్నెట్టు పుటల నుదాహరించునప్పుడు చూచిన తేదీని వేయుడు. నేడున్నది రేపుండకపోవచ్చును. పల్లెకు పోయి ఒక బుర్రకథ కళాకారునివద్దనో, ఒక నేతగానివద్దనో విషయము సేకరించినప్పుడు వారి అనుమతితో వారి పేరు, ఊరు, తేదీ చెప్పవలెను. పుస్తకము వ్రాయనివారు గ్రంథసూచిలో చేరరాదను నియమమెచ్చటను లేదు. మాటను పట్టి బ్రతుకు మా రేడియోవారికి ఇది బాగుగా తెలిసిన ధర్మము. పాటను ప్రసారము చేసి పాడినవారి పేరు చెప్పకుండుట మాకు తగదు.

చట్టమును గూర్చియు ఒక మాట. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యూ.జీ.సీ., 2018లో గ్రంథచౌర్యమును నివారించుటకు నియమములు చేసినది. వానిలో సిద్ధాంతగ్రంథములకు నాలుగు మెట్లు కలవు. పోలిక నూటికి 10 వరకు ఉన్నచో దండన లేదు. 10నుండి 40 వరకు ఉన్నచో ఆరు నెలలకు మించని గడువులో సవరించి మరల సమర్పింపవలెను. 40నుండి 60 వరకు ఉన్నచో ఒక సంవత్సరము వరకు సమర్పించుటకు వీలులేదు. 60 దాటినచో పరిశోధనకై చేసిన నమోదే రద్దగును. ఈ అంకెలు విద్యార్థులందరికి కంఠపాఠమైనవి. కాని అదే నియమములలో ఉన్న మరియొక అంశము చాలమందికి తెలియదు: ఆకరము సరిగా చెప్పి ఉదాహరించిన భాగము ఈ లెక్కలో చేరదు. అనగా పోలికను తగ్గించుకొనుటకు మాటలు మార్చుచు రాత్రులు గడుపుటకంటె, ఎవరిది వారిదని చెప్పుటయే సులువైన త్రోవ. నూటికి తొమ్మిది పాళ్లు దొంగిలించుట ధర్మమని ఆ నియమములకు అర్థము కాదు.

ఇటీవల కృత్రిమ మేధ అను క్రొత్త సాధనము విద్యార్థుల చేతికి వచ్చినది. అది అడిగినదే తడవుగా వ్యాసము వ్రాసి, క్రింద గ్రంథముల పట్టికను కూడ చేర్చును. ఆ పట్టికలో కొన్ని గ్రంథములు లోకమున ఎన్నడును పుట్టనివి! పేరు నమ్మదగినదిగా ఉండును, సంవత్సరముండును, పుటలుండును, పుస్తకము మాత్రముండదు. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థపై నడచిన దావాలో న్యాయవాదులు ఇట్లే యంత్రము కల్పించిన తీర్పులను నిజమైనవని నమ్మి న్యాయస్థానమునకు సమర్పించిరి. న్యాయమూర్తి వెదకించగా ఆ తీర్పులు ఎచ్చటను లేవు. 5,000 డాలర్ల జరిమానా పడినది. పరువు పోయినదానికి లెక్క లేదు. అనుభవజ్ఞులైన న్యాయవాదులకే అట్లైనచో విద్యార్థుల మాట చెప్పనేల? దీనికిని మందు పాతదే. చేతితో తెరువని పుస్తకమును, కంటితో చూడని పుటను పట్టికలో చేర్పకుడు. యంత్రము సాయము గైకొన్నచో, మీ శాఖవారి నియమముల ననుసరించి, ఆ సంగతినే చెప్పుడు.

ఇన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుట కష్టమనువారికి ఒక్క అలవాటు చాలును. నోటుపుస్తకమును విప్పినప్పుడు ఎడమ పుట పుస్తకమునకు, కుడి పుట మీకు. ఎడమవైపున వ్రాయు ప్రతి వాక్యమును చిహ్నముల నడుమ పెట్టి, పుటసంఖ్యను ఆ క్షణముననే వేయుడు; తరువాత వేయుదమనుకొన్న సంఖ్య వేయబడదు. కుడివైపున మీకు తోచినది వ్రాసి, తేదీ వేయుడు. మూడేండ్ల తరువాత ఏది ఎవరిదో పుస్తకమే చెప్పును. మా అన్నగారి కుమార్తె ఇప్పుడు అధ్యాపకురాలు. తన విద్యార్థులకు మొదటి దినమున ఆమె చెప్పు పాఠము ఇదేనట.

ఇక పండితులవారి రెండవ కార్డు. మా క్షమాపణకు సమాధానముగా వారిట్లు వ్రాసిరి: “అయ్యా, మీ జాబు చేరినది. తెలియదని వ్రాసినందుకు మిక్కిలి సంతోషము. నేను నా ఉద్యోగకాలమంతయు ఆ పద్యమును శ్రీనాథునిదనియే పిల్లలకు చెప్పితిని. ఎచ్చటిదని ఏ పిల్లవాడును నన్ను అడుగలేదు. అడుగుమని నేనును వారికి నేర్పలేదు. ఇప్పుడు నా మనుమనికి ఆ పద్యము నేర్పుచు, కర్త తెలియదని చెప్పుచున్నాను. పద్యము అందము తగ్గలేదు.”

ఆ కార్డును మేము నేటికిని మా బల్లపై అద్దము క్రింద ఉంచుకొన్నాము. ప్రసంగము వ్రాయ కూర్చున్నప్పుడెల్ల అది కనబడును. నేటి ప్రసంగములో చదివిన పద్యమేదియు లేకపోవుటకు కారణము కూడ అదియే కావచ్చును! విద్యార్థి మిత్రులారా, మీ అధ్యాపకులను, మీరు చదువు పుస్తకములను, మమ్మును కూడ అడుగుడు: ఇది ఎచ్చటిది? అదే ప్రశ్నను మీ వ్రాతను రేపు చదువబోవువారు అడుగుదురు. వారి కొరకు సమాధానమును పుట అడుగున వ్రాసిపెట్టుడు.